మొజాంబిక్ కందిపప్పు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

దండాలు. నకాలా రేవులో ఓడెక్కి, సముద్రం దాటి, మిల్లులో పొట్టు ఒలిపించుకుని, బేగంబజార్ మీదుగా మలక్‌పేటలో మా వంటింటి దాకా వచ్చారు. ఇంత దూరం వచ్చి కూడా మీ పేరు చెప్పుకోలేదు. కిరాణా కొట్టాయన మిమ్మల్ని "అసలు తాండూరు పప్పు సార్, కళ్లు మూసుకుని తీస్కపోండి" అని అమ్మాడు. కుక్కర్ మూత తీస్తే సగం వెన్నలా ఉడికింది, సగం పలుకులు పలుకులుగా మిగిలింది. మీరూ, తాండూరాయనా ఒకే సంచిలో ప్రయాణం చేశారని అప్పుడు తెలిసింది.

నాకేం కోపం లేదు. ఆదివారం మా ఇంట్లో మామిడికాయ పప్పు. మామిడికాయ ఒక్కటే ఇక్కడిది, అదీ కాలానికి కాసింది. నూనె ఇండోనేషియా పామాయిల్, ఇంగువ అఫ్గానిస్తాన్ వైపుది, పప్పేమో తమరు. అదంతా కలిపి, ఇంత నెయ్యి వేసుకుని, మా బాబాయి స్వావలంబన మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. "మన తిండి మనమే పండించుకోవాలిరా, ఒకడి ముందు చెయ్యి చాపకూడదు" అంటూనే గిన్నె వైపు చెయ్యి చాపాడు. రెండోసారి కూడా మిమ్మల్నే వడ్డించాం.

పప్పుధాన్యాలు పండించడంలో మాది ప్రపంచంలోనే మొదటి స్థానం. తినడంలో కూడా. చివరికి దిగుమతుల్లోనూ మేమే ముందుంటాం. మూడు కప్పులూ ఒకే ఇంట్లో ఉన్నాయి, అదీ మా గొప్ప.

2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరింది. నగరమంతా ఒకటే టెన్షన్. టీవీల్లో గంటల కొద్దీ చర్చలు, పెళ్లిళ్లలో సాంబారు పలచబడింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మీ దేశంతో ఒప్పందం చేసుకుంది. ఏటా తెప్పించే సరుకు లక్ష టన్నులతో మొదలై, ఐదేళ్లలో రెండు లక్షల టన్నులకు పెరగాలి. అదే ఏడు వానలు బాగా పడ్డాయి. ధర చూసి ఆశపడిన రైతులు ఎగబడి కంది వేశారు. పంట దాదాపు రెట్టింపైంది. బోనస్‌తో కలిపి మద్దతు ధర క్వింటాలుకు 5,050 అయితే, మార్కెట్‌లో అంతకు తక్కువకే అమ్ముకున్నారు. దాని మీద ఏ చర్చా జరిగినట్టు గుర్తులేదు. చవగ్గా దొరుకుతోందని మేం మాత్రం రెండు కిలోలు ఎక్కువ తెచ్చుకున్నాం.

2021లో దిగుమతుల మీద పరిమితులు ఎత్తేశారు. గడువు దగ్గర పడితే పొడిగిస్తున్నారు. మధ్యలో 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు, చాలా సంతోషం. 2025లో పప్పుధాన్యాల స్వావలంబన పేరుతో 11,440 కోట్ల మిషన్ మొదలుపెట్టారు, అదీ సంతోషమే. గేటు మాత్రం తీసే ఉంది. మీరు వస్తారు, మీ చుట్టం బర్మా లెమన్ కంది వస్తుంది. మీకు వీసా గొడవ కూడా లేదు, మా అబ్బాయికి అమెరికా వీసా అపాయింట్‌మెంటే దొరకడం లేదు.

మీ రైతు కూడా నాలుగు డబ్బుల కోసమే పండిస్తాడు, మీ తప్పేం లేదు. అందుకే ఒక చిన్న విన్నపం. మీ దగ్గర కోత ఆగస్టు ప్రాంతంలో మొదలవుతుంది కదా, దసరా, దీపావళికి నిక్షేపంగా రండి. అప్పటికి మా డబ్బాలు అడుగంటి ఉంటాయి. కానీ సంక్రాంతి ముందూ వెనకా కొన్నాళ్లు ఇటు రాకండి. అప్పుడు మా దగ్గర బండ్ల మీద పచ్చి కందికాయలు కనిపిస్తాయి, ఉప్పేసి ఉడకబెట్టుకుని తింటాం. తాండూరు వాళ్లు బస్తాలు యార్డులో దింపి, తూకానికి వరసలో నిలబడి ఉంటారు. ఆ నాలుగు వారాలు మీ ఓడను ఎక్కడైనా లంగరేసి ఉంచండి. ఎందుకు ఆగిందని ఢిల్లీ వాళ్లు అడిగితే, మలక్‌పేట ఆయన చెప్పాడనండి.

ఇట్లు,
రెండు రకాల పప్పు ఒకే కుక్కర్‌లో ఉడికించుకుంటున్న
ఒక హైదరాబాదీ