సవరణ: సీడీ మీద బాల్ పెన్ను రాత

పోయిన వారం పోస్టులో "కింది వైపు గీతలు పడకుంటే చాలు, సీడీ పైవైపు బాల్ పెన్నుతో పేరు రాసుకోవచ్చు" అని రాసిన. అది తప్పు, నేను సరిచూసుకోకుండా చెప్పిన.

రికార్డు చేసుకునే సీడీకి పైవైపే సున్నితం. లేజర్ చదివే కింది వైపు సుమారు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటది, చిన్న గీతలను తట్టుకుంటది. పైన మెరిసే పొరకు పల్చటి పూత ఒక్కటే అడ్డం. నల్లగొండలో మా మేనకోడలి పెళ్లి ఫొటోల సీడీని ట్యూబులైటుకు ఎదురు పట్టి చూసిన. పేరు రాసిన గీత వెంబడే సూదిమొనంత వెలుగు చుక్కలు! కొన్ని ఫొటోలు ఇక తెరుచుకోవు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో తెచ్చిన డిస్కుల సంరక్షణ పుస్తకంలోనూ ఇదే ఉన్నది. డీవీడీలో ఆ పొర రెండు పలకల నడుమ ఉంటది కాబట్టి కొంత నయం, అయినా బాల్ పెన్ను వద్దు. మెత్తటి మొన ఉన్న, డిస్కుల కోసమే అమ్మే మార్కర్‌తో, వీలైతే నడిమి రంధ్రం చుట్టూ ఉండే అద్దంలాంటి భాగం మీద రాయండి.

పోయిన వారం పోస్టులోనే చెప్పిన, సీడీని నడుమ నుంచి అంచుకు నేరుగా తుడవాలన్న మాట మాత్రం సరైనదే.

ఇప్పటికే పెన్నుతో రాసినవాళ్లు ఇయ్యాలే కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. స్టిక్కర్ అంటించి ఉంటే పీకకండి, దాంతో పాటు పొర కూడా లేచొస్తది.