ఎండలో ఆగాలి, మట్టిలో కరగాలి

పోయిన వేసవిలో గుంటూరులో మా డాబా మీద జరిగిన సంగతి. ఒక కొట్లో సరుకులు వేసిచ్చిన కంపోస్టబుల్ సంచిలో ఎండుమిరపకాయలు పోసి, పిట్టగోడ పక్కన పెట్టి మర్చిపోయాం. నెల తర్వాత ఎత్తబోతే సంచి అప్పడంలా విరిగి చేతికొచ్చింది. అలాంటి సంచినే అంతకుముందు గులాబీ కుండీలో పాతిపెట్టాను, మట్టిలో కలుస్తుందేమో చూద్దామని. వానాకాలంలో మట్టి మారుస్తుంటే అది దాదాపు అలాగే బయటపడింది, పైన అచ్చువేసిన ఆకు బొమ్మతో సహా.

ఉండాల్సిన చోట పోయింది, పోవాల్సిన చోట ఉండిపోయింది. సంచి మీద రాసింది అబద్ధం కాదు. కంపోస్టబుల్ అంటే 58 డిగ్రీల దగ్గర నడిచే కంపోస్టు ప్లాంటులో కుళ్లిపోతుందని అర్థం, మన పూలకుండీలో అని కాదు.

సంచి పోతే పోయింది. ఈ చిక్కు నిజంగా కొంప ముంచేది మిర్చి చేలో. బోదెల మీద పరిచే వెండి-నలుపు మల్చింగ్ షీటు చూసే ఉంటారు. పైనున్న వెండి రంగు వెలుతురును తిప్పికొట్టి తామర పురుగును కొంత తికమక పెడుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేశాక ఆ కొంత కూడా రైతుకు ముఖ్యమే. కిందనున్న నలుపు కలుపును లేవనివ్వదు. కాకపోతే అది పాలిథిన్. కాపు అయిపోయాక కూలీలను పెట్టి పీకించాలి. సగం చిరిగి మట్టిలోనే ఉండిపోతుంది, చేతికొచ్చిన సగం గట్టు మీద మంటల పాలవుతుంది. దాని బదులు నేలలో కలిసిపోయే షీటు వేస్తే, చివర్లో రోటవేటర్ తిప్పేసి ఊరుకోవచ్చు. ఆలోచన బాగుంది. కానీ ఆగస్టు-అక్టోబరు మధ్య నాటిన మిర్చికి ఆఖరి కోత మార్చి, ఏప్రిల్‌లో. షీటు ఆరేడు నెలలు ఆగాలి. అందులో చివరి నెలలు మన ఎండలు.

నేలలో కలిసిపోయే ఈ షీట్లలో ఎక్కువగా వాడేవి పీబ్యాట్, పీఎల్ఏ అనే పాలిమర్లు, అంటే చిన్న అణువులు గొలుసులా అల్లుకున్న ప్లాస్టిక్‌లు. రెండూ పాలిఎస్టర్లే. గొలుసులో ఎస్టర్ ముడులు ఉండబట్టే సూక్ష్మజీవులు వాటిని కొరకగలవు. ఆ ముడులే నీటికీ ఎండకూ కూడా లోకువ. పీబ్యాట్‌లో ఉండే బెంజీన్ వలయాలు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి. దాంతో కొన్ని గొలుసులు తెగుతాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుంటాయి. తెగితే షీటు పెళుసెక్కుతుంది. అతుక్కుంటే ఆ ముక్కలు సూక్ష్మజీవులకు కొరుకుడు పడవు. అంటే ఎండలో ముందే పాడైన షీటు త్వరగా మట్టిలో కలుస్తుందని అనుకోవడం పొరపాటు. ముక్కలవడం వేరు, కరగడం వేరు.

ఇక్కడే కంటికి కనిపించనంత సన్నటి నానో కణాలు రంగంలోకి వస్తాయి. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ కణాలను కొద్ది శాతం కలిపితే అవి ఆ కిరణాలను ముందే మింగేస్తాయి, షీటుకు గొడుగు పట్టినట్టు. అయితే టైటానియం డయాక్సైడ్‌లో అనటేజ్, రూటైల్ అని రెండు ముఖ్య రూపాలున్నాయి. అనటేజ్ వెలుతురు తగలగానే నీటితో, ఆక్సిజన్‌తో చేరి చురుకైన రాడికల్స్‌ను పుట్టిస్తుంది, అవి పాలిమర్‌నే తింటాయి. కంచే చేను మేయడమంటే ఇదే. అందుకే రూటైల్ తీసుకుని, దానికి సిలికా, అల్యూమినా పూత వేస్తారు. జింక్ ఆక్సైడ్‌తో ఇంకో తంటా: పీఎల్ఏను కరిగించి షీటు తీసేటప్పుడే దాని గొలుసులను తెంపడం మొదలుపెడుతుంది. దానికీ పూత కావాల్సిందే.

కలపడం అన్నంత తేలిక కాదు. నానో కణాలు ఉండకడతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 15 మైక్రాన్ల షీటులో 5 మైక్రాన్ల ఉండ ఒక్కటి పడితే ఆ చోట మందంలో మూడో వంతు అదే. గాలికి చిరగడం అక్కడే మొదలవుతుంది.

జింక్ నేలను పాడుచేస్తుందా అని భయపడేవాళ్లున్నారు. లెక్క వేసి చూశాను. ఎకరంలో అరవై శాతం నేల కప్పితే 15 మైక్రాన్ల షీటు సుమారు 45 కిలోలు పడుతుంది. రెండు శాతం కలిపితే జింక్ ఆక్సైడ్ కిలో లోపే. వరికి మనవాళ్లు ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లుతారు, అందులో జింకే నాలుగు కిలోల పైన. కాబట్టి మోతాదు గురించి నాకు టెన్షన్ లేదు. నా అనుమానం వేరు. జింక్ ఆక్సైడ్ బ్యాక్టీరియాను చంపుతుంది. షీటును తినాల్సింది ఆ బ్యాక్టీరియానే. ఎండ నుంచి కాపాడిన మందే మట్టిలో షీటును కరగనివ్వకపోతే, పాలిథిన్‌కు ఇంకో పేరు పెట్టినట్టే. ఆ లెక్కన లిగ్నిన్ కణాలు నాకు మెరుగనిపిస్తాయి. కర్రలో ఉండే పదార్థం, కిరణాలను పీలుస్తుంది, నేలకు కొత్త కాదు. రంగు గోధుమ కాబట్టి వెండి మెరుపు మాత్రం రాదు. ఇక కార్బన్ బ్లాక్ అనే మామూలు మసి పొడి చవకలో చేసేపని చాలానే ఉంది, నానో అన్న పేరు లేదు గనుక దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పరు.

ల్యాబ్‌లో యూవీ దీపాల కింద కొన్ని వందల గంటలు పెట్టి, బలం ఇంత శాతం మిగిలిందని చూపిస్తే సగం కథే చెప్పినట్టు. యూరప్ 2018లో తెచ్చిన ఈఎన్ 17033 ప్రమాణం మల్చింగ్ షీటు రెండేళ్లలో 90 శాతం కరగాలంటుంది, అదీ 25 డిగ్రీల దగ్గరి ల్యాబ్ మట్టిలో. మన దేశంలో ప్లాస్టిక్ వ్యర్థాల మీద వచ్చిన 2024 సవరణ నిబంధనలు బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ మైక్రోప్లాస్టిక్‌ను మిగల్చకూడదన్నాయి. ఆ మాట నల్లరేగడిలో నిజమవుతుందో లేదో నల్లరేగడిలోనే తేలాలి.

అందుకు పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. గుంటూరు పక్కన లాంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, విజయవాడ పక్కన సూరంపల్లిలో ప్లాస్టిక్‌లను పరీక్షించే కేంద్ర సంస్థ సీపెట్ ఉంది. నానో కణాలు వేసినదీ, వేయనిదీ, కార్బన్ బ్లాక్‌దీ పక్కపక్క బోదెల మీద అక్టోబరులో పరిచి, నెలకోసారి ఒక పట్టీ కోసి లాగి చూడాలి. ఏప్రిల్‌లో దున్నేసి, రెండేళ్ల తర్వాత మట్టి జల్లించాలి. ఈ అక్టోబరులో మొదలుపెట్టినా జవాబు వచ్చేసరికి మూడు మిర్చి కాపులు కోసేసి ఉంటాం. ఈలోపు గట్ల మీద ఆ నల్ల పొగ లేస్తూనే ఉంటుంది.