చదవకండి, తడిమి చూడండి

పుస్తకం ఉన్నది చదవడానికే అనే మూఢనమ్మకం మనలో ఇంకా బలంగానే ఉంది. అది పోవాలంటే అమెరికా, కెనడాల్లో ప్రింటింగ్ చదివే పిల్లల్ని చూడాలి.

అక్కడ టాగా అని గ్రాఫిక్ ఆర్ట్స్ సాంకేతిక నిపుణుల సంఘం ఒకటుంది. 1948లో పుట్టింది. రోచెస్టర్, క్లెమ్సన్, టొరంటో లాంటి చోట్ల యూనివర్సిటీ పిల్లలు దాని శాఖలు పెట్టుకుని, ఏటా ఒక జర్నల్ తెస్తారు. వ్యాసాలు రాసేదీ, పేజీలు పెట్టేదీ, అచ్చేసేదీ, బైండు చేసేదీ వాళ్ళే. ఆ జర్నళ్ళ మధ్య పెట్టే పోటీలో నెగ్గినవాళ్ళకి హెల్ముట్ కిప్‌ఫాన్ పేరిట కప్పు. ఆయన అచ్చురంగం మీద వెయ్యి పేజీలు దాటిన హ్యాండ్‌బుక్ కూర్చిన పెద్దమనిషి. దాన్ని చదివినవాళ్ళ సంగతేమో గానీ, మోసినవాళ్ళు జన్మలో మరిచిపోరు.

టొరంటో వాళ్ళ అదృష్టం వేరు. 2022లో రయర్సన్ యూనివర్సిటీ పేరు టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ అయింది. లెటర్‌హెడ్డు నుంచి బోర్డుల దాకా అన్నీ మళ్ళీ అచ్చే! ప్రింటింగ్ విద్యకి ఇంతకంటే ప్రోత్సాహం ఏం కావాలి? అదే ఏడాది మన ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అచ్చు మీద అభిమానంలో మనమేం తీసిపోలేదు.

ఇక జర్నల్లో విషయం ఏముంటుంది? సిరా చుక్క కాగితం మీద పడ్డాక ఎంత ఉబ్బుతుంది లాంటి సంగతులు. దాన్ని డాట్ గెయిన్ అంటారు. ముఖ్యమే, కాదనను. కానీ జర్నల్ చేతికందగానే మనిషి ఏం చేస్తాడు? ముందు అట్ట నిమురుతాడు. వాసన చూస్తాడు. వెన్ను విరిచి బైండింగ్ గట్టిదో కాదో చూస్తాడు. భూతద్దం పెట్టి, బొమ్మ అచ్చేసే నాలుగు రంగులూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా అని వెతుకుతాడు. వెంట్రుకవాసి జరిగిందా, అయిపోయాం! ఆ పేజీలో ఏం రాసుందో మాత్రం అడక్కండి.

అందుకే నాదొక మనవి. వ్యాసాలు చదివిన న్యాయనిర్ణేతని పోటీ నుంచి తప్పించాలి. పక్షపాతం వచ్చేస్తుంది.

ఈ పద్ధతి మనకి కొత్తేం కాదు. పెళ్ళి శుభలేఖ రాగానే బంగారు రేకులో ఉబ్బెత్తుగా ఉన్న వినాయకుణ్ణి బొటనవేలితో రుద్దుతాం. "కార్డు యాభైకి తక్కువుండదు" అని తేలుస్తాం. తర్వాత ముహూర్తం ఎన్నింటికో ఫోన్ చేసి కనుక్కుంటాం.