కోచ్ గారి నడుం నొప్పి

(నార్త్ కరోలినా, మోరిస్‌విల్‌లో ఒక తెలుగువారి ఇల్లు. శుక్రవారం రాత్రి. ఆవిడ చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివింది కాబట్టి కాలేజీ బాస్కెట్‌బాల్‌లో కరోలినా పక్షం. ఆయన పక్కూరి డ్యూక్ యూనివర్సిటీలో చదవలేదు, పనిచెయ్యలేదు, అయినా డ్యూక్ పక్షం. ఎందుకంటే ఆవిడ కరోలినా పక్షం. కొడుకు ఆడే పిల్లల బాస్కెట్‌బాల్ టీముకి కోచ్ కావాలని ఈమెయిల్ వస్తే అందరికంటే ముందు చెయ్యెత్తింది కూడా ఆయనే.)

ఆవిడ: ఏమండీ, ఫ్రిజ్ మీది మాగ్నెట్లన్నీ ఏవి? స్కూలు కాగితాలన్నీ కింద పడి ఉన్నాయి.

ఆయన: డైనింగ్ టేబుల్ మీదున్నాయి. కదపకు. రేపటి మ్యాచ్‌కి ప్లాన్ వేస్తున్నా.

ఆవిడ: నయాగరా ఇక్కడ, చార్మినార్ అక్కడ... అయ్యో రామ! వెంకటేశ్వరస్వామిని తెచ్చి అప్పడాల డబ్బా పక్కన పెట్టారేమిటి?

ఆయన: అది డబ్బా కాదే, బాస్కెట్. స్వామి మన సెంటర్. అందరిలోకీ ఎత్తయినవాడు అక్కడే నిలబడాలి.

ఆవిడ: ముందు స్వామిని తీసి పైన పెట్టండి. మీ టీముకి ఇంకా బోణీ కాలేదు. ఆ అప్రదిష్ట ఆయనకెందుకు?

ఆయన: (తీసి కళ్ళకద్దుకుని) బోణీ, బోణీ అని దెప్పుతావు. కోచ్ కె సంగతి తెలుసా నీకు? 1980లో డ్యూక్‌కి బాస్కెట్‌బాల్ కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు సీజన్లో ఆర్మీ టీముతో 9 గెలిచి 17 ఓడాడు.

ఆవిడ: అలాంటాయన్ని ఏం చూసి పిలిచారండీ?

ఆయన: అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్‌కి ఏదో కనిపించింది. ఊళ్ళోవాళ్ళకి మాత్రం పేరు పలకడానికే నోరు తిరగలేదు. షెషెఫ్‌స్కీ! ఇంగ్లీషులో రాస్తే ‘కె’తో మొదలవుతుంది, అందుకే కోచ్ కె. విద్యార్థుల పత్రిక ‘ఇది అచ్చుతప్పు కాదు’ అని హెడ్డింగ్ పెట్టింది.

ఆవిడ: పాపం, మన ఇంటిపేరు దగ్గర డాక్టరాఫీసులో నర్సు పడే అవస్థే. “మిస్టర్...” అని ఆగిపోతుంది, మనమే లేచి వెళ్ళాలి.

ఆయన: అసలు విషయం విను. మొదటేడు 17 గెలుపులు, 13 ఓటములు. రెండో ఏడు 10-17. మూడో ఏడు 11-17. మూడేళ్ళు కలిపితే గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. నాకింకా మొదటి సీజనే.

ఆవిడ: మూడేళ్ళలో 38 గెలిచాడన్నమాట. మీ లెక్కలో ఆ మూడూ లేదు, ఎనిమిదీ లేదు.

ఆయన: 1983లో వర్జీనియా చేతిలో 109-66తో చిత్తుగా ఓడాడు. 43 పాయింట్ల తేడా! ఆయన్ని పీకెయ్యమని ఊరంతా గోల. ఆ రాత్రి డెన్నీస్ రెస్టారెంట్లో కూర్చున్నప్పుడు ఎవరో గ్లాసెత్తి ఈ రాత్రిని మర్చిపోదాం అన్నారట. ఈయన, కాదు, ఎప్పటికీ మర్చిపోకూడదు అన్నాడు. అదీ కోచ్ అంటే.

ఆవిడ: ఓహో, అందుకా మొన్న పిజ్జా షాపులో మీరు గ్లాసెత్తారు! చిన్నాడు చెప్పాడు. పిల్లలు ఓడిన సంగతి ఎప్పుడో మర్చిపోయి వీడియో గేమ్ దగ్గర గెంతుతుంటే, అందర్నీ పిలిచి కూర్చోబెట్టి స్కోరు గుర్తు చేశారట. ఒకడు ఏడ్చాడు కూడా.

ఆయన: వాడు కారం ఎక్కువై ఏడ్చాడు.

ఆవిడ: చీజ్ పిజ్జాకా?

ఆయన: ...

ఆవిడ: మీ కె గారి బాధ నాకర్థమైంది లెండి. 1982లో మా కరోలినా కోచ్ డీన్ స్మిత్ ఛాంపియన్. మైకేల్ జోర్డాన్ అప్పుడు ఫస్టియర్ కుర్రాడు, వాడి చేతే గెలుపు షాట్ వేయించాడు. 1983లో ఇటుపక్క రాలీలో ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీ కోచ్ జిమ్ వల్వానో ఛాంపియన్. ఆయనా 1980లోనే చేరాడు. రెండు పక్కిళ్ళలోనూ పెళ్ళి భోజనాలు, మీ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆయన: అదీ! అయినా బటర్స్ ఏం చేశాడు? 1984 జనవరిలో పిలిచి ఇంకో ఐదేళ్ళకి కాంట్రాక్టు రాసిచ్చాడు. అలాంటి పెద్దమనసు ఈ కాలంలో ఎవరికుంది? మన పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు చూశావా? నేను మాట్లాడితే బొటనవేలు బొమ్మ కూడా పెట్టరు.

ఆవిడ: మీరేం టెన్షన్ పడకండి, మిమ్మల్ని తీసెయ్యరు. తీసేస్తే వాళ్ళలో ఒకరు చెయ్యాలిగా.

ఆయన: నా పద్ధతి వాళ్ళకి ఎక్కట్లేదు. డ్యూక్ వాళ్ళు డిఫెన్స్‌కి దిగేటప్పుడు వంగి రెండు చేతులతో నేలని చరుస్తారు. అవతలి వాడికి గుండె జారిపోతుంది. అదే నేర్పిస్తున్నా.

ఆవిడ: చూశాను. ఎర్ర బూట్ల పొట్టాడు వంగి చరుస్తూనే ఉన్నాడు. అవతలివాళ్ళు వాడి పక్కనుంచే వెళ్ళి, బాస్కెట్ వేసి, చేతులు కలుపుకుని వెనక్కి కూడా వెళ్ళిపోయారు. వీడింకా చరుస్తున్నాడు. వాళ్ళమ్మ నాకేసి చూసింది. నేను ఫోన్‌కేసి చూశాను.

ఆయన: నువ్వెన్ని చెప్పు, ఫలితం ఆలస్యంగా వస్తుంది. 1990 ఫైనల్లో లాస్ వేగస్ యూనివర్సిటీ యూఎన్‌ఎల్‌వీ వాళ్ళు డ్యూక్‌ని 30 పాయింట్ల తేడాతో ఉతికారు. మరుసటేడు సెమీస్‌లో మళ్ళీ వాళ్ళే, అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వచ్చారు. 79-77తో కొట్టాడు! తర్వాత కప్పు. 1992లో మళ్ళీ కప్పు. 2001, 2010, 2015. మధ్యలో అమెరికా టీముకి 2008, 2012, 2016 ఒలింపిక్స్‌లో మూడు బంగారాలు. మొత్తం 1,202 గెలుపులు. మగవాళ్ళ కాలేజీ ఆటలో పెద్ద డివిజన్లో ఇంకెవడికీ లేవు. 2004లో ప్రొఫెషనల్ టీము లేకర్స్ వాళ్ళు కోట్ల డాలర్లతో పిలిస్తే కూడా కదల్లేదు. నేను డల్లాస్ ఆఫర్ వదులుకోలేదూ?

ఆవిడ: వాళ్ళు ఆఫర్ ఇచ్చారా అసలు?

ఆయన: ఇచ్చే ఉద్దేశంలో ఉన్నారు.

ఆవిడ: డీన్ స్మిత్‌వి 879 గెలుపులే అనుకోండి. 1965లో ఓడి వస్తే ఆయన దిష్టిబొమ్మని క్యాంపస్‌లో సొంత విద్యార్థులే వేలాడదీశారు. ఆయనేం గ్లాసులెత్తలేదు. అక్కడే ఇంకో 30 ఏళ్ళకి పైగా పనిచేశాడు. 2015లో పోయాక, ఆయన దగ్గర ఆడిన వాళ్ళలో దాదాపు 180 మందికి తలా 200 డాలర్ల చెక్కు అందింది, బయట మంచి భోజనం చెయ్యండని. వీలునామాలో రాశాడు మహానుభావుడు. మీ 1,202లో అలాంటిది ఒక్కటి చూపించండి.

ఆయన: భోజనం అంటే గుర్తొచ్చింది, ఇవాళ...

ఆవిడ: ఆగండి. ఆయన పెట్టిన ఇంకో అలవాటుంది. బాస్కెట్ వేసినవాడు ఎగిరి గంతెయ్యకూడదు. బంతి అందించినవాడి వైపు వేలు చూపించాలి, నీ వల్లే అని. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా మీరు భోంచేస్తున్నారు. ఒక్కనాడైనా వంటింటి వైపు వేలు చూపించారా?

ఆయన: చూపించాను. మొన్న పప్పులో ఉప్పు లేదని.

ఆవిడ: (గరిటె కిందపెట్టి) సరే, మీ కె గారి ఆఖరి మ్యాచ్ సంగతి చెప్పండి.

ఆయన: ఏదో మాడు వాసన వస్తోందే.

ఆవిడ: స్టవ్ వెలిగించనే లేదు. 2022 ఏప్రిల్ 2. శుభకృత్ ఉగాది. న్యూ ఆర్లీన్స్‌లో ఫైనల్ ఫోర్, అంటే సెమీస్. డ్యూక్, కరోలినా వందేళ్ళుగా కొట్టుకుంటున్నా కాలేజీల జాతీయ పోటీ, ఎన్‌సీఏఏ టోర్నమెంట్లో ఎదురుపడటం అదే మొదటిసారి. గుళ్ళో పంచాంగ శ్రవణంలో పంతులుగారు మీ రాశికి రాజపూజ్యం బాగుందన్నారని, పట్టుపంచె మీదే డ్యూక్ టీషర్టు వేసుకుని కూర్చున్నారు.

ఆయన: పండగపూట జరిగినవన్నీ గుర్తు పెట్టుకోవాలా?

ఆవిడ: 81-77. అవమానం మాత్రం పంతులుగారు చెప్పినదానికన్నా సరిగ్గా నాలుగెక్కువ వచ్చింది.

ఆయన: రెండ్రోజుల తర్వాత ఫైనల్లో మీ గతేమైంది? హాఫ్ టైముకి 15 పాయింట్లు ముందుండి కాన్సస్ చేతిలో 72-69తో ఓడలేదూ?

ఆవిడ: ఓడాం. అయితే ఏంటట? ఆ నెల రోజుల్లో మిమ్మల్ని రెండుసార్లు కొట్టాం. మార్చి 5న ఆయన సొంత స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్, పాత శిష్యులంతా వచ్చి వరసగా కూర్చున్నారు. 94-81. ఆ తర్వాత కప్పు వచ్చినా రాకపోయినా మా వాళ్ళెవరికీ దిగుల్లేదు.

ఆయన: పెళ్ళాడేటప్పుడు మీ నాన్నగారు ఈ గుణం గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆవిడ: మీ కె గారి ఇంట్లో ఒక్కరు మాత్రం నాకు బాగా నచ్చారు. భార్య మిక్కీ. 1994 అక్టోబర్లో ఆయనకి నడుం ఆపరేషన్ అయింది. కుదురుగా పడుకోకుండా ప్రాక్టీసని పరిగెత్తాడు. జనవరికల్లా కూర్చోలేడు, నిలబడలేడు. డాక్టర్ దగ్గరికొస్తావా, ప్రాక్టీసుకి పోతావా తేల్చుకోమని ఆవిడ నిలదీసింది. నోరు మూసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు.

ఆయన: ఆ సీజన్ మిగతాదంతా ఇంట్లోనే. అప్పటికి 12 ఆడి 9 గెలిచాడు, అది కూడా చెప్పు.

ఆవిడ: ఆయన లేకుండా మిగతా 19లో టీము నాలుగే గెలిచింది. మరి ఆ 15 ఓటములు ఎవరి లెక్కలో రాశారు?

ఆయన: (గొంతు తగ్గించి) అసిస్టెంటు పీట్ గాడెట్ లెక్కలో.

ఆవిడ: చూశారా! నొప్పి ఒకరిది, మచ్చ ఇంకొకరిది.

(ఆయన నయాగరాని చార్మినార్ పక్కకి జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. కాసేపు ఆలోచించాడు.)

ఆయన: ఏమేవ్, రేపు మ్యాచ్ ఎన్నింటికి?

ఆవిడ: పదింటికి. మొదటి స్థానంలో ఉన్న టీముతో. మర్చిపోయారా?

ఆయన: మర్చిపోలేదు. పొద్దుట్నుంచీ నడుం దగ్గర కలుక్కుమంటోంది.

ఆవిడ: సాయంత్రం గరాజ్‌లో నాలుగు బియ్యం బస్తాలు అటూ ఇటూ మోశారుగా!

ఆయన: అప్పుడే పట్టేసి ఉంటుంది. రేపు నువ్వెళ్ళు. రిజిస్ట్రేషన్ ఫారంలో అసిస్టెంట్ కోచ్ అని నీ పేరే రాశాను.

ఆవిడ: నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?

ఆయన: భార్య మాట విని విశ్రాంతి తీసుకుంటున్నానే. నువ్వే కదా మెచ్చుకున్నావు.

ఆవిడ: సరే, వెళ్తాను. ఒకవేళ ఖర్మకాలి రేపు గెలిచేట్టున్నామనుకోండి?

ఆయన: వెంటనే ఫోన్ చెయ్యి. ఐదు నిమిషాల్లో వచ్చేస్తా.