హామిల్టన్ నాకీ గురించి ఆ ఫార్వర్డ్‌లో సగం నిజం కాదు

నిన్న మా బాబాయి ఫ్యామిలీ గ్రూప్‌లో మళ్ళీ పెట్టారు ఆ మెసేజ్. కేప్ టౌన్ యూనివర్సిటీలో బడి మొహమే చూడని తోటమాలి హామిల్టన్ నాకీ, ప్రొఫెసర్ పిలిస్తే జిరాఫీ మెడ పట్టుకోడానికి వెళ్లి అలాగే సర్జన్ అయిపోయాడట, 1967లో ప్రపంచంలోనే మొదటి గుండె మార్పిడిలో రహస్యంగా డోనర్ గుండె తీసింది ఈయనేనట, లివర్ మార్పిడికి దారి చూపించాడట, 30 వేల మంది సర్జన్లకి నేర్పాడట. బాబాయ్, మీ మీద కోపంతో కాదు, ఆ మనిషంటే నాకు చాలా గౌరవం కాబట్టే ఇది రాస్తున్నా.

ముందు గుండె సంగతి, అసలు గొడవంతా అక్కడే. 1967 డిసెంబర్ 3న కేప్ టౌన్‌లోని గ్రూట్ షూర్ హాస్పిటల్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ టీమ్ లూయిస్ వాష్కాన్‌స్కీకి గుండె మార్చింది, ఆయన 18 రోజులు బతికి న్యుమోనియాతో పోయారు. గుండె ఇచ్చింది డెనిస్ డార్వాల్ అనే పాతికేళ్ల అమ్మాయి, ముందురోజే ఆమెని కారు గుద్దేసింది. ఆ అమ్మాయిని ఉంచిన థియేటర్‌లో సర్జన్లు మేరియస్ బర్నార్డ్, అంటే క్రిస్టియాన్ తమ్ముడు, ఇంకా టెర్రీ ఓ డోనోవన్. నాకీ అక్కడ లేరు. వర్ణవివక్ష రోజులవి, తెల్లవాళ్ల థియేటర్‌లోకి నల్లమనిషిని సర్జన్‌గా రానిచ్చేవాళ్లే కాదు, ఆయన పనంతా మెడికల్ స్కూల్ ల్యాబ్‌లో జంతువుల మీదే. 2005లో నాకీ చనిపోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్, ఎకనామిస్ట్ లాంటివి కూడా ఈ రహస్యం కథ నమ్మి వేసేశాయి, తర్వాత అదే ఏడాది తప్పయిందని సవరణ వేసుకున్నాయి. ఆ సవరణని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

బడి మొహం చూడలేదన్నది కూడా తప్పే. ట్రాన్స్‌కైలో, అంటే ఇప్పటి ఈస్టర్న్ కేప్‌లో, ఒక పల్లెలో పుట్టి 14 ఏళ్ల దాకా చదువుకున్నారు, డబ్బుల్లేక ఆపేసి పనికోసం కేప్ టౌన్ వచ్చారు. తోటపనీ టెన్నిస్ కోర్టులు చదును చేయడమూ, అవి నిజమే.

జిరాఫీ కూడా నిజమే. కాకపోతే ఆ ప్రొఫెసర్ పేరు ఫార్వర్డ్‌లో ఉన్నట్టు జాయిస్ కాదు, రాబర్ట్ గోట్జ్. నీళ్లు తాగడానికి అంత మెడ వంచి మళ్ళీ పైకెత్తినా జిరాఫీకి కళ్లు తిరగవెందుకని ఆయన రక్తప్రసరణ మీద పరిశోధన చేస్తూ 1954లో నాకీని సాయం పిలిచారు. ప్రపంచంలో మొదటి బైపాస్ కేప్ టౌన్‌లోనే జరిగిందని కూడా అదే మెసేజ్‌లో ఉంది కదా, మనిషికి గుండె బైపాస్ మొదట సక్సెస్‌గా చేసింది ఈ గోట్జే, కానీ 1960లో న్యూయార్క్‌లో, అప్పటికే ఆయన సౌతాఫ్రికా వదిలేసి వెళ్లిపోయారు.

లివర్ మార్పిడి మనుషులకి మొదలుపెట్టింది అమెరికాలో థామస్ స్టార్జ్ల్, 1963లో. నాకీ చేసింది పందులకి లివర్ మార్పిడి, ఇది తక్కువ పనా? చిన్న చిన్న రక్తనాళాలు కలిపి కుట్టాలి, మత్తు ఇవ్వాలి, ఆపరేషన్ అయ్యాక రాత్రంతా జంతువుని చూసుకోవాలి, ఇవన్నీ ఆయన పక్కనుండి చూస్తూ నేర్చుకున్నారు, తర్వాత డిగ్రీలున్న కుర్ర డాక్టర్లు ఆయన దగ్గర చెయ్యి తిప్పడం నేర్చుకున్నారు. ఆయన చేతి పనితనాన్ని క్రిస్టియాన్ బర్నార్డే మెచ్చుకున్నారు. 30 వేల అంకె మాత్రం నమ్మకండి, ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒక్క మనిషి దగ్గర అంతమంది సర్జన్లు ఎలా తయారవుతారు, లెక్కేసుకోండి.

నాకు బాధేంటంటే ఈ ఫార్వర్డ్ చదివితే ఆ యూనివర్సిటీ ఆయన్ని నెత్తిన పెట్టుకున్నట్టు ఉంటుంది. 1991లో రిటైరయితే ఆయనకి ఇచ్చింది తోటమాలి పెన్షనే. దేశం ఆర్డర్ ఆఫ్ మాపుంగుబ్వే అనే జాతీయ పురస్కారం ఇచ్చింది 2002లో, యూనివర్సిటీ గౌరవ మాస్టర్స్ డిగ్రీ ఇచ్చింది 2003లో, అప్పటికి ఆయనకి డెబ్బై దాటిపోయాయి. ఈలోగా ఆయనేం చేశారంటే, తను పని నేర్పిన డాక్టర్ల దగ్గర డబ్బులు పోగుచేసి, తన సొంత ప్రాంతం ఈస్టర్న్ కేప్‌లో పల్లెలకి బస్సులో తిరిగే క్లినిక్ పెట్టించారు. బాబాయ్, ఈసారి గ్రూప్‌లో ఆ బస్సు గురించి పెట్టండి.