కోడ్ చెప్పింది తీగ గురించి, మార్చింది యూనిట్‌ను

"కొత్త కంట్రోల్ యూనిట్ వేసినా అదే కోడ్ వస్తోందంటే ఆ కొత్తది కూడా చెడిపోయే వచ్చి ఉంటుంది, ఇంకొకటి తెప్పించి వేయండి" అని ఆమధ్య ఒక పెద్దమనిషి ఫోనులో సెలవిచ్చారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది వ్యవహారం. గేర్ల మార్పును నడిపించి, లోపం కనిపిస్తే దాని కోడ్ నమోదు చేసే కంప్యూటర్ (అదే కంట్రోల్ యూనిట్) ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్, చల్లగా ఉన్నంతసేపు బాగానే నడిచి వేడెక్కగానే ఒకే గేరులో ఇరుక్కుపోవడం, ముందు చూసినవారు సోలినాయిడ్ (కరెంటు పారగానే గేరు మార్పుకు నూనె దారి తెరిచే కాయిల్ కవాటం) మార్చడం, తగ్గకపోతే యూనిట్ మార్చడం, అదీ పని చేయకపోతే ఇక మార్చడానికి ఏముందా అని వెతుక్కోవడం ఈ పనిలో ఉన్నవారెవరికీ కొత్త కథ కాదు. నాకు మంట పుట్టించినది లోపం కాదు, ఆ లోపాన్ని ఎవరూ ఒక్కసారి కూడా కొలవకపోవడం.

ఆ వాహనంలో నమోదైన కోడ్ చివర ఎఫ్ఎంఐ (ఏ తరహా లోపమో చెప్పే అంకె) 5 అని స్పష్టంగా ఉంది. భారీ వాహనాల ఎలక్ట్రానిక్స్ అనుసరించే జె1939 ప్రమాణంలో 5 అంటే ఆ సర్క్యూట్‌లో కరెంటు ఉండవలసినదానికంటే తక్కువగా ఉంది, లేదా దారి ఎక్కడో తెగింది అని అర్థం. 3 వస్తే వోల్టేజీ ఎక్కువ, 4 వస్తే వోల్టేజీ తక్కువ, 6 వస్తే కరెంటు ఎక్కువ లేదా తీగ ఎర్త్‌కు (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే చాసిస్ దారికి) తగిలింది. పరికరమే పాడైందన్న అనుమానానికి చోటిచ్చే సంఖ్య 12. కళ్లెదురుగా ఉన్న 5ను 12గా చదవగలిగిన దివ్యదృష్టి ఉన్నవారికి కోడ్‌లు చదివే స్కానర్ ఎందుకో, దాన్ని పట్టుకోవడానికి మనిషి ఎందుకో నాకు అర్థం కాదు.

"వైరింగ్ చూశామండీ, కనెక్టర్ ఊడదీసి మీటరు పెడితే 24 వోల్టులు నిక్కచ్చిగా వస్తున్నాయి" అన్నది ముందు చూసినవారి రెండో వాదన. అసలు రోగం ఈ వాక్యంలోనే ఉంది. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది కాబట్టి, 24 వోల్టుల దగ్గర అది లాగే కరెంటు రెండున్నర మైక్రో ఆంపియర్లకు మించదు. పోగులన్నీ తెగిపోయి వెంట్రుకంత పోగు ఒక్కటే మిగిలిన తీగ కూడా ఆ మాత్రం కరెంటును హాయిగా మోసి, మీటరు మీద నిండుగా 24 చూపిస్తుంది. అదే దారిలో ఒక్క ఓమ్ అదనపు నిరోధం ఉండి, సోలినాయిడ్లన్నీ కలిసి 3 ఆంపియర్లు లాగితే, 3 వోల్టులు దారిలోనే ఆవిరైపోతాయి. మీటరును కంటిన్యుటీలో (దారి తెగలేదని బీప్‌తో చెప్పే అమరికలో) పెడితే బీప్ వచ్చిందని మురిసిపోయేవారు ఇంకొందరు ఉన్నారు. ఆ బీప్ కొన్ని మీటర్లలో పదుల ఓమ్‌ల నిరోధం ఉన్నా వినిపిస్తుందని, లోడు లేని తీగను కొలవడమంటే దానికి పరీక్షే పెట్టకపోవడమని ఎన్నిసార్లు చెప్పినా చెవిన పడదు.

నేను చేసింది బ్రహ్మవిద్య ఏమీ కాదు. మీటరు ఒక తీగను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో తీగను యూనిట్ కనెక్టర్ వెనకనుంచి ఎర్త్ పిన్ మీద పెట్టి, స్కానర్‌తో సోలినాయిడ్లను పని చేయించి, గేర్‌బాక్స్ వేడెక్కేదాకా కూర్చున్నాను. వోల్టులో పదో వంతు దగ్గర ఉండవలసిన అంకె చల్లగా ఉన్నప్పుడే అర వోల్టు దాటింది, వేడెక్కాక రెండు వోల్టులు మించింది. ఎర్త్ తీగ వెంట వెళ్లి చాసిస్ మీది బోల్టు విప్పితే, లగ్ (తీగ కొసన ఉండే లోహపు రింగు) కింద సగం మేర రంగు చెక్కుచెదరకుండా మెరుస్తోంది, మిగతా సగం నల్లగా కమిలిపోయి ఉంది. ఎవరో చాసిస్‌కు రంగు వేసి, గీకకుండా దాని మీదే లగ్ పెట్టి బిగించారు. కరెంటంతా ఇన్నాళ్లూ బోల్టు మరలు పట్టుకుని ఎలాగోలా వెళ్లింది. సోలినాయిడ్లు పని చేసినప్పుడల్లా యూనిట్ ఎర్త్ వోల్టేజీ సున్నా దగ్గర ఉండక పైకి లేచేది, ఆ ఎర్త్‌నే నమ్ముకున్న స్పీడ్ సెన్సార్ సంకేతం కూడా తప్పుగా కనిపించేది. ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడ్‌లు గుంపుగా వచ్చినప్పుడు వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్న సరఫరా తీగనో ఎర్త్‌నో ముందు చూడాలి గాని, కోడ్‌కు ఒకటి చొప్పున విడిభాగాల జాబితా రాసుకోకూడదు.

యూనిట్ మారిస్తే తగ్గిపోయిన సందర్భాలు మాకు బోలెడున్నాయి అంటారు. ఉంటాయి, ఎందుకుండవు! యూనిట్ మార్చాలంటే కనెక్టర్ ఊడదీసి తిరిగి గుచ్చాలి. ఆ రాపిడికి పిన్నుల మీద పేరుకున్న సన్నటి మసి పొర చెదిరిపోయి కాంటాక్టు మళ్లీ కుదురుతుంది, వాహనం కొన్నాళ్లు చక్కగా నడుస్తుంది, ఆ పేరంతా కొత్త యూనిట్ కొట్టేస్తుంది. పాత యూనిట్‌నే తీసి అదే చోట మళ్లీ పెట్టి చూసే ఓపిక ఎవరికీ లేదు కనుక, నిక్షేపంలాంటి యూనిట్లు తుక్కులోకి పోతూనే ఉన్నాయి.

సోలినాయిడ్ కాయిల్‌దీ ఇదే దుస్థితి. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 20 డిగ్రీల దగ్గర 5 ఓమ్‌లు చూపే కాయిల్ 100 డిగ్రీల దగ్గర ఆరున్నర చూపడం ప్రకృతి ధర్మం. వేడి గేర్‌బాక్స్‌లో కొలిచి, పుస్తకంలోని చల్లటి అంకెతో పోల్చి, కాయిల్ పోయిందని తీర్పు చెప్పేవారిని ఏమనాలి? క్యాన్ లైన్ల (యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగల) మధ్య 60 ఓమ్‌లు చూసి నెట్‌వర్క్‌కు సర్టిఫికెట్ ఇచ్చేవారు వీరికి తోబుట్టువులు. రెండు కొసల్లోనూ, సమాంతరంగా కలిసి 60 అయ్యే 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయని మాత్రమే ఆ అంకె చెబుతుంది. రెంటిలో ఒక లైను చాసిస్‌కు తగిలి ఉన్నా అదే 60 వస్తుంది.

వైరు తొడుగును సూదితో పొడిచి కొలిచే మహానుభావుల మాట ఎత్తకుండా ఉండలేను. పొడిచిన చోట నీరు దిగి, పోగుల మధ్యనుంచి పాకి, కొంతకాలానికి రాగి పచ్చటి పొడిగా రాలుతుంది. నా దగ్గరికి వచ్చే హార్నెస్‌లలో (తీగల కట్టల్లో) సగం జబ్బులు ఇలా వెనకటి వైద్యులు పెట్టిపోయినవే. కనెక్టర్ వెనకనుంచి పిన్నును తాకడానికి సన్నటి ప్రోబ్‌లు ఉన్నాయి, దొరకనివేమీ కావు.

అయితే వీరినొక్కరినే తిట్టి లాభం లేదు, ఎందుకంటే నా పాత కోపం పని చేయించేవారి మీద. యూనిట్ మారిస్తే దాని ధర, మార్చినందుకు కూలీ, రెండూ నోరెత్తకుండా ఇస్తారు. లోపం ఎక్కడుందో వెతకడానికి పట్టిన సమయానికి మాత్రం "బోల్టు బిగించడానికి ఇంతసేపా" అని అడుగుతారు. బిగించడానికి పట్టింది రెండు నిమిషాలే. ఏ బోల్టో తెలుసుకోవడానికి పట్టిన కాలానికి విలువ కట్టనప్పుడు, కుర్రాళ్లు మీటరు పక్కన పడేసి పానా పట్టుకోవడంలో వింతేముంది? తప్పు ఊహకు బిల్లు చెల్లుతుంది, సరైన కొలతకు చెల్లదు.

పనిపత్రంలో మార్చిన విడిభాగాలన్న గడిలో "ఏవీ లేవు" అని, లోపమన్న గడిలో రంగు మీద బిగించిన ఎర్త్ లగ్ అని, మరమ్మతుకు ముందూ తరువాతా కొలిచిన వోల్టేజీలతో సహా రాసి పంపాను. విడిభాగం పేరు లేకుండా బిల్లు పాసు కాదని తిప్పి పంపారు. అంత అవసరమైతే ఎమరీ పేపర్, ఒక ముక్క, అని రాస్తాను, పాసు చేసుకోమనండి.