వినే సర్వర్ గారికి, ఎనుము విషయమై

మాట విని రాసిపెట్టే మహారాజశ్రీ విస్పర్ స్పీచ్ రికగ్నిషన్ సర్వర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ ఇక్కడ కుశలం లేదు. మీ కుశలం లాగ్ ఫైల్లో చూశాను, అదీ అంతంతమాత్రమే.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. మీ పోర్టు నంబరు రెండుసార్లు మార్చినవాణ్ణి. మీ కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్లెక్కి దిగి, 6 జీబీ మెమొరీ ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డు బేరమాడి తెచ్చినవాణ్ణి. కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందని మా ఆవిడ అడిగితే నేరం ఫ్రిజ్ మీదికి నెట్టినవాణ్ణి.

ఇదంతా మా మామ కోసం. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరు పీలేరు దగ్గర. తన సర్వీసు కథంతా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లుగా నాకు పంపుతున్నాడు. ఇప్పటికి 212 వచ్చాయి. "టైపు చేసి పుస్తకం మాదిరి చేసిచ్చెయ్ రా" అన్నాడు. చేత్తో టైపు చేస్తూ కూర్చుంటే పుస్తకం పూర్తయ్యేసరికి నేనూ రిటైరవుతాను. పోనీ బయట ఏదైనా ఆన్‌లైన్ సర్వీసుకి పంపుదామా అంటే, అందులో పాత డిపో పెద్దల మీద మామ చెప్పిన మాటలున్నాయి. అవి ఇల్లు దాటకూడదు. అందుకే మిమ్మల్ని ఇంటికే పిలిపించుకున్నాను.

"ఇన్‌స్టాల్ చేయడం ఒక్క లైన్ పని" అని మీతో పాటు వచ్చే సూచనల కాగితం, రీడ్‌మీలో ఉంది. అబద్ధం కాదు, ఒక్క లైనే. కొట్టాను, దిగింది, పచ్చ అక్షరాల్లో సక్సెస్ అని కూడా వచ్చింది. అరగంట బతిమాలినా ఉలుకూ పలుకూ లేదు. తీరా చూస్తే అది మీరు కాదు. మీ పేరే పెట్టుకున్న ఇంకో ప్యాకేజీ, సర్వర్ల లెక్కలు దాచుకునే డేటాబేసట. దానికి చెవులే లేవు పాపం. పెళ్లిచూపులకని బయల్దేరి పక్కింట్లో కూర్చుని ఉప్మా తినొచ్చినట్టయింది నా పని.

అసలు మీరు దిగాక, మీరు నడిచే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ మరీ కొత్తదన్నారు. పాతది పెట్టాను. ఫలానా లైబ్రరీ 8వ వెర్షన్ కావాలన్నారు. నా దగ్గర 9 ఉంది. తొమ్మిదిలో ఎనిమిది ఉండదా అనుకోవడం మనుషుల లెక్క. అదీ పెట్టాను. ఆ రాత్రి నా కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ తనంతట తాను కెర్నల్, అంటే తన గుండెకాయను, అప్‌డేట్ చేసుకుంది. తెల్లారేసరికి, నిన్నటిదాకా కలిసి కాపురం చేసిన కార్డు, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి. లైనక్స్‌లో సర్వాధికారాలూ ఉన్న ఖాతాను రూట్ యూజర్ అంటారు. మామకి ఫోన్లో ఇదంతా చెబుతూ, "రూట్ యూజర్‌గా లాగిన్ అయి చూడాలి మామా" అన్నాను. "ఏ రూటు రా? మదనపల్లె రూటా?" అన్నాడు.

తర్వాత మెమొరీ గొడవ. మీ పెద్ద మోడల్‌లో 150 కోట్ల పైచిలుకు సంఖ్యలున్నాయి. సుమారు 10 జీబీ కావాలన్నారు. నా దగ్గరున్నది 6. బస్సులో చిల్లర లేక రూపాయికి సర్దేసినట్టు, మీ లోపలి సంఖ్యలన్నిటినీ రౌండ్ చేసి 8 బిట్లలోకి కుక్కాను. మీరేమీ అనుకోలేదు. ఆ పైసలు ఎవరి జేబులోంచి పోయాయో తర్వాత మామ మాటల్లో తెలిసింది.

ఇక ఫైళ్ల సంగతి. వాట్సాప్ మెసేజ్‌లేమో ఓపస్ అనే ఆడియో ఫార్మాట్‌లో వస్తాయి. మీకేమో సెకనుకు 16,000 శాంపిళ్ల వేవ్ ఫైల్ కావాలి. సరే, మార్చాను. అలా మారిస్తే నిమిషం మాట దాదాపు 2 ఎంబీ అవుతుంది. మీ ముందు కాపలా పెట్టిన వెబ్ సర్వర్ 1 ఎంబీ దాటితే లోపలికి రానివ్వదు. అంటే మా మామ గొంతు సవరించుకుని "యాడ నిలిపినా నిన్న?" అనేలోపే 413 ఎర్రర్. ఆ పరిమితి పెంచితే, 60 సెకన్లలో జవాబు రాలేదని 504. బ్రౌజర్లో మైకు నొక్కి చూద్దామంటే హెచ్‌టీటీపీఎస్ అనే భద్రమైన కనెక్షన్ లేనిదే మైకు ఇవ్వనంది.

మూడో రాత్రి రెండున్నరకు "హెల్త్ చెక్: ఓకే" అని వచ్చింది. ఇంతవరకు మీరు అన్నాను. ఇక్కడి నుంచి నువ్వు. మూడు రాత్రులు ఒకే గదిలో గడిపాక ఆ మాత్రం చనువు ఉంటుంది.

మొదటి మెసేజ్ ఇచ్చాను. నువ్వు రాసింది చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాను. అక్షరాలు తెలిసినవే అనిపిస్తున్నాయి, చదవబోతే జారిపోతున్నాయి. తలకట్టులో ఏదో తేడా. నిద్రలేక చూపు పోయిందేమో అని టెన్షన్ పడ్డాను. పావుగంటకి వెలిగింది, అది కన్నడ లిపి. మొదటి 30 సెకన్లు విని ఏ భాషో నువ్వే తేల్చేస్తావట. చిత్తూరు యాస వినగానే మా మామను సరిహద్దు దాటించేశావు. రెండో మెసేజ్ ఆయన "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ, రైట్ రైట్" అని మొదలుపెట్టాడు. ఈసారి ఆయన్ని ఏకంగా ఇంగ్లీషువాణ్ణి చేశావు. భాష తెలుగు అని సెట్టింగ్‌లో రాసి తాళం వేశాకగానీ ఇంటికి రాలేదు.

వచ్చావు సరే. మా మామ మధ్యలో వక్కాకు వేసుకుంటాడు. అదొక నిమిషం పని. ఆ నిమిషమంతా ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. ఆ చోట నువ్వు రాసింది: "వీక్షించినందుకు ధన్యవాదాలు." ఇంకోచోట: "మా ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోండి." వీడియోల సబ్‌టైటిల్స్ తిని పెరిగినవాడివి కదా, మాట ఆగగానే దండం పెట్టేయడం నీకు అలవాటు. ఒకచోటైతే "బస్సు కదిలింది" అని మొదలుపెట్టి, మెసేజ్ అయిపోయేదాకా అదే మాట నలభై సార్లు రాశావు. ఘాట్ రోడ్డులో కూడా బస్సు అన్నిసార్లు కదలదు.

ఇక అసలు విషయం. మామ చెప్పింది: "మిట్టమధ్యాహ్నం, రోడ్డు నడాన ఎనుము ఈనింది, బస్సు నిలిపేసినాం." నువ్వు రాసింది: "రోడ్డు నడాన ఇనుము ఇనింది." ఆయన చెప్పింది "ఎస్‌ఆర్ రాసుకుంటా ఉండా", ఎస్‌ఆర్ అంటే కండక్టరు రాసే టికెట్ల లెక్క. నువ్వు రాసింది "ఎస్ సార్ రాసుకుంటా ఉండా". బర్రె అంటే నీకు తెలిసేదేమో. ఎనుము అంటే తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, గుంటూరులో పుట్టిన మా ఆవిడకీ పెళ్లయ్యేదాకా తెలియదు. కానీ ఆమె "అంటే ఏంటండీ" అని అడిగింది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏమన్నాడో మనవాళ్లు చెబుతారుగా: "ఎందుకయ్యా ఆ ఎముకను కొరుకుతున్నావు?" మన జనం ఇన్నేళ్లుగా ఆ మనిషిని చూసి నవ్వుతున్నారు. నాకిప్పుడు ఆయనంటే గౌరవం పెరిగింది. కనీసం అడిగాడు! నువ్వు అదే చోట ఉంటే "ఆయన వేణువు బాగా వాయించారు" అని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా రాసిచ్చేవాడివి. పైగా నీకు అనుమానం లేదా అంటే ఉంది. నువ్విచ్చే జేసన్ ఫైల్లో, ఎవరూ చూడని మూల, "ఇక్కడ మాటే లేదేమో" అన్న సంభావ్యత దశాంశాలతో సహా రాసుకుంటావు. లోపల అనుమానం, పైకి ధీమా. చెకింగ్ స్క్వాడ్ వచ్చినప్పుడు టికెట్ లేని పెద్దమనుషులు కూడా అచ్చం ఇలాగే కూర్చుంటారని మామ 57వ మెసేజ్‌లో చెప్పాడు. నువ్వే రాసి ఉంటావు, చూసుకో.

నిన్ను కొలుద్దామని పది మెసేజ్‌లు నేనే టైపు చేసి పక్కన పెట్టాను. తప్పు రాసిన మాటలు, వదిలేసినవి, అదనంగా చేర్చినవి కలిపి, అసలు మాటల సంఖ్యతో భాగిస్తే వర్డ్ ఎర్రర్ రేట్. మామ "రానన్నాడు" అంటే నువ్వు "రాను అన్నాడు" అని రాశావు. తెలుగువాడికి రెండూ ఒకటే. లెక్కకి మాత్రం ఒక మాట తప్పు, ఒకటి అదనం. ఒక్క మాటకు రెండు తప్పులు, 200 శాతం. అదే ఎనుమును ఇనుము చేస్తే ఒక్క తప్పే! ఇందులో నీ దోషం లేదని ఒప్పుకుంటాను. మన సంధులు తెలియనివాళ్లు పెట్టిన తూకం అది.

నీ వంశం చిన్నదేమీ కాదు. 1952లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మీ ముత్తవ్వ, ఆడ్రీ అనే యంత్రానికి అంకెలు మాత్రమే వచ్చు. మనుషులు మామూలుగా మాట్లాడే మాటను యంత్రానికి వినడం నేర్పిన పెద్దల్లో రాజ్ రెడ్డి గారొకరు. 1937లో పుట్టారు, ఊరు కాటూరు. మా మామది, ఆయనది ఒకటే జిల్లా, పాత చిత్తూరు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆయన కట్టించినవాటిలో ఒకదాని పేరు హియర్‌సే, అంటే చెప్పుడు మాట. చెప్పుడు మాటలు వినొద్దంటారు పెద్దలు, నీ వంశమేమో ఆ పేరుతోనే పెరిగింది. 1976లో అక్కడే తయారైన హార్పీకి 1,011 మాటలు వచ్చు. 1994లో ఆయనకు కంప్యూటర్ రంగపు నోబెల్ అనే ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మీవాళ్లలోనే ఇంకొకడు కాల్డీ, కాఫీని కనిపెట్టాడని చెప్పే ఇథియోపియా మేకల కాపరి పేరు పెట్టుకున్నాడు. చిత్తూరు పెద్దమనిషి, మేకల కాపరి ఉన్న వంశంలో పుట్టి ఎనుమును గుర్తుపట్టలేదంటే ఏమనాలి?

ఏమనాలో నాకు తెలుసు. నిన్ను, అంటే 2022లో వచ్చిన విస్పర్‌ని, 6,80,000 గంటల మాటలతో పెంచారు. అందులో తెలుగు మాటకు తెలుగు రాత జతపడిన గంటలు రెండు చేతుల వేళ్లకు సరిపోతాయి. మా మామ పంపిన మెసేజ్‌లే అంతకంటే ఎక్కువసేపుంటాయి.

చివరికి రెండు పనులు చేశాను. మాట లేని చోట్లను ముందే కోసేసే వడపోత పెట్టాను. ధన్యవాదాలు ఆగిపోయాయి. మామ వాడే మాటలు ఒక చీటీలో రాసి ప్రతి ఫైలుకి ముందు నీకు చూపించడం మొదలుపెట్టాను: ఎనుము, వక్కాకు, ఎస్‌ఆర్, పీలేరు, మిద్దె. చీటీ బాగా పనిచేసింది. మరీ బాగా. మొన్న మామ "మదనపల్లెలో బస్సు టాపు మీదికి ఇనుము ఎక్కించినారు, లగేజీ టికెట్ కొట్టినా" అన్నాడు. నువ్వు బస్సు టాపు మీదికి ఎనుమును ఎక్కించి టికెట్ కొట్టావు.

ఆ పేజీ మామకి చదివి వినిపించాను, తిడతాడనుకుంటూనే. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వక్కాకు నములుతున్నాడనుకుంటా.

"టాపు మీదికి కాదు గానీ రా, ఒగసారి బస్సు లోపలికే దూడను ఎక్కించినారు. ఆ కత నీకు చెప్పనే లేదు కదా, ఉండు" అని ఫోన్ పెట్టేశాడు.

213వ మెసేజ్ వచ్చింది. 14 నిమిషాలు. క్యూలో పెట్టాను, పని చూడు.

ఇట్లు,
రూట్ యూజర్